ఆసుపత్రిలో అంటిన జబ్బు

ఆపరేషన్ బాగానే అయింది. నాలుగో రోజుకు కుట్ల దగ్గర చీము పట్టింది. జ్వరం వచ్చింది. సూదులు వేసినా తగ్గలేదు. మందులు మార్చారు, బిల్లు పెరిగింది. ఇలాంటి మాట మన ఊళ్లలో వింటూనే ఉంటాం. "మా రాత" అని ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు.

కొన్ని క్రిములు యాంటీబయాటిక్ మందులకు లొంగవు. అంత మొండివి. ఇవి ఆసుపత్రుల్లో ఎక్కువ. కడగని చేతుల ద్వారా, శుభ్రం చేయని పరికరాల ద్వారా ఒక రోగి నుంచి ఇంకో రోగికి అంటుతాయి. చేరేటప్పుడు లేని జబ్బు 48 గంటల తర్వాత బయటపడితే, అది ఆసుపత్రిలో అంటినదిగానే డాక్టర్లు లెక్క వేస్తారు. అందుకే తేదీలు ముఖ్యం. ఏ రోజు చేరారు? జ్వరం ఎప్పుడు మొదలైంది? నోటు పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

చీము గానీ రక్తం గానీ తీసి కల్చర్ పరీక్ష చేస్తారు. ఆ కాగితంలో మందుల పేర్లు వరసగా ఉంటాయి. పేరు పక్కన ఇంగ్లీషు అక్షరం 'ఎస్' ఉంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది. 'ఆర్' ఉంటే లొంగదు. ఈ కాగితం పారేయకండి. కేసు షీటు నకలు కూడా అడగండి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నిబంధనల్లో ఉంది. నోటితో కాదు, రాసి అడగండి. మీరు రాసిచ్చిన దానికి ఒక నకలు ఉంచుకోండి.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. జబ్బు అంటినంత మాత్రాన కేసు గెలవం. ఎంత జాగ్రత్తపడినా కొందరికి అంటుతుంది. ఆసుపత్రివాళ్లు ఎక్కడ అజాగ్రత్తగా ఉన్నారో చూపించాలి. పరీక్ష ఆలస్యం చేశారా? కల్చర్ కాగితంలో లొంగదని ఉన్న మందే ఇస్తూ పోయారా? అది కేసు షీటులో కనబడుతుంది.

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి రాదు. దాని మీద వేరే దారిలో వెళ్లాలి, లాయరును అడగండి. ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇవ్వాలి. రెండేళ్లు దాటనివ్వకండి. ఆసుపత్రికి మీరు కట్టింది 5 లక్షల లోపయితే కమిషన్‌కు ఫీజు లేదు.

మరి లాయరుకు డబ్బు? జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయం ఎంతున్నా లాయరును ఉచితంగా పెడతారు. ఆదాయం తక్కువున్న మిగతావాళ్లకూ పెడతారు. ఫోను నంబరు 15100. అర్జీ రాయలేనివారు నోటితో చెబితే అక్కడివాళ్లే రాసుకుంటారు. వెళ్లేటప్పుడు కాగితాల నకళ్లు పట్టుకెళ్లండి. అసలువి ఇంట్లో భద్రంగా ఉంచండి.