నిరోధ్: ఎన్నిక, వాడుక

గృహస్థ జీవనమునకు సంబంధించిన కొన్ని విషయములను భర్త భార్యతో చెప్పడు, పెద్దలు పిన్నలకు చెప్పరు, రోగి వైద్యునికి సైతము చెప్పడు. నిరోధ్ అట్టి విషయములలో ఒకటి. అంగడిలో దానిని పేరుపెట్టి అడుగుటకు వెనుకాడువారు ఎందరో కలరు. కొని తెచ్చినవారిలోను దాని పొట్లముపై ముద్రించిన అక్షరములను చదువువారు కొందరే. రేడియో ఇంటిల్లిపాదియు వినునది. కావున ఈ సంగతిని మర్యాద తప్పక, అయినను దాపరికము లేక వివరించుట యుక్తమని మేము తలచుచున్నాము.

నిరోధ్ అను పేరు మన దేశమున 1968లో వాడుకలోనికి వచ్చినది. నిరోధము అనగా అడ్డుకొనుట. ఆనాడు కేంద్ర ప్రభుత్వము మూడింటిని 15 పైసలకు అమ్మించినది. మందుల అంగళ్లకే పరిమితము చేయక, తేయాకును, సబ్బులను, సిగరెట్లను పల్లెలకు చేరవేయు కంపెనీల చేతనే దీనిని కూడ చేరవేయించినది. ప్రభుత్వ రంగమునకు చెందిన హిందుస్థాన్ లేటెక్స్ సంస్థ తిరువనంతపురము దాపున పేరూర్కడలో జపాను సంస్థ సహకారముతో 1969లో ఉత్పత్తి ప్రారంభించినది. నాటి ప్రచారమున ప్రధానమైనది బిడ్డకును బిడ్డకును నడుమ ఎడము. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. మన దేశమున మొదటిసారిగా బయటపడిన పిమ్మట, రోగమును అడ్డుకొనుట అను రెండవ ప్రయోజనము ముందునకు వచ్చినది.

ఈ రెండవ ప్రయోజనము ఇంకను చాల ఇండ్లకు తెలియలేదు. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ వంటి అటవీ మండలమును తీసికొందము. 2016 వరకు వరంగల్ జిల్లాలో భాగమై ఉండిన ఈ ప్రాంతమున కోయలు, లంబాడీలు, ఇతర వ్యవసాయ కుటుంబములవారు నివసించుచున్నారు. ఇచ్చటనే కాదు, తెలంగాణమంతటను కుటుంబ నియంత్రణ అనగా స్త్రీకి చేయు ఆపరేషన్ అనియే జనుల భావన. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో పదిమందికి సుమారు ఆరుగురు ఆపరేషన్ అయినవారే. నిరోధ్ వాడు జంటలు మిక్కిలి తక్కువ.

“ఆపరేషన్ అయినది గదా, ఇక నిరోధ్ ఎందుకు?” అని పలువురు అడుగుదురు. ఆపరేషన్ గర్భమును ఆపును, రోగమును ఆపదు. సెగ, సవాయి, హెచ్.ఐ.వి. వంటివి సంపర్కము వలన ఒకరినుండి ఒకరికి సంక్రమించును. సోకినవారికి చాలకాలము ఏ బాధయు తెలియకపోవచ్చును. కూలికై నెలల తరబడి ఇల్లు విడిచి పోవువారు ఏ జిల్లాలోనైనను కలరు. దంపతులలో ఎవరికైనను సోకు అవకాశము కలిగినదన్న సందేహమున్నచో, పరీక్ష ముగియువరకు నిరోధ్ వాడుటయే ఇంటికి రక్ష. ఈ పని మాత్రలు చేయవు, కాపర్-టి చేయదు, ఆపరేషన్ చేయదు.

అయితే నిరోధ్ నమ్మదగినదేనా? లెక్క చూడుడు. నూరు జంటలు ఏడాదిపాటు ప్రతిసారియు, సరియైన పద్ధతిలో వాడినచో సుమారు ఇద్దరికి మాత్రమే గర్భము నిలుచును. జనులు సామాన్యముగా వాడు తీరున వాడినచో సుమారు 13 మందికి నిలుచును. వస్తువు ఒక్కటే, భేదమంతయు చేతిలో ఉన్నది. ఒకనాడు వాడి ఒకనాడు మానుట, ఆలస్యముగా తొడుగుట, తప్పుగా తీయుట, ఇవియే ముఖ్యకారణములు.

ఇక ఎన్నిక సంగతి. నిరోధ్ రబ్బరు పాలతో చేయబడును. సూదిమొనంత రంధ్రము కూడ లేకుండునట్లు కర్మాగారమున విద్యుత్తుతో పరీక్షింతురు. వెల ఎక్కువయైనదే గట్టిదనుకొనుట పొరపాటు. ప్రమాణములకు లోబడి చేసినదైనచో ఆరోగ్య కేంద్రమున ఉచితముగా ఇచ్చునదియు కాపాడును. చూడవలసినది గడువు తేదీ. అది దాటినదానిని పారవేయవలెను. మన దేశమున ఎక్కువగా దొరకునవి 49, 53 మిల్లీమీటర్ల వెడల్పు గలవి. మరీ బిగువైనది చినుగవచ్చును, మరీ వదులైనది జారవచ్చును. రబ్బరు సోకినపుడు దురద, దద్దురు కలుగువారికి పాలీయూరిథేన్ తొడుగులు తగును.

ఎన్నుకొన్న పిదప భద్రపరచుట ముఖ్యము. రబ్బరునకు ఎండయు, వేడియు, రాపిడియు శత్రువులు. వేసవిలో రేకుల కప్పు క్రింద, మోటారు సైకిలు పెట్టెలో, జేబులోని పర్సులో నెలల తరబడి ఉంచరాదు. చల్లని, పొడియైన చోట ఉంచవలెను. నూనె మరియొక శత్రువు. కొబ్బరినూనె, అటవీ గ్రామములలో వాడు ఇప్పనూనె, నేయి, వ్యాజిలిన్, ఇవి తగిలినచో రబ్బరు కొలది నిమిషములలోనే బలము కోల్పోవును. జారుడుతనము కావలసినచో నీటితో చేసిన జెల్లీని మాత్రమే వాడవలెను. అది మందుల అంగడిలో దొరకును.

వాడు విధానము ఇది. మొదట పొట్లమును వ్రేళ్ళతో నొక్కి చూడుడు. లోపల గాలి బుడగ తగిలినచో పొట్లము చెడలేదని అర్థము. పండ్లతోను, కత్తెరతోను చింపక, అంచున చేతితో చింపుడు. పురుషాంగము స్తంభించిన తరువాత, స్త్రీ శరీరమునకు తాకకమునుపే తొడుగవలెను. ముందు చర్మమున్నచో వెనుకకు తీసి, తొడుగు కొనను రెండు వ్రేళ్ళతో నొక్కి గాలి పోనిచ్చి, అంగముపై ఉంచి మొదటివరకు విప్పుకొని పోవలెను. నొక్కిపట్టిన కొన వీర్యము నిలుచు తావు. తిరగవేసి ఉంచినందున విప్పుకొననిచో దానినే త్రిప్పి వాడరాదు; క్రొత్తది తీయవలెను. స్ఖలనమైన వెంటనే, అంగము సడలకమునుపు, అంచును మొదట పట్టుకొని వెలికి తీయవలెను. పిమ్మట ముడివేసి, కాగితములో చుట్టి చెత్తకుండిలో వేయవలెను, మరుగుదొడ్డిలో వేయరాదు. ఒకసారి వాడినదానిని మరల వాడరాదు. రెండు తొడుగులను ఒకదానిపై నొకటి వేసికొనుట వలన రాపిడికి చినుగునే గాని బలము హెచ్చదు.

ఇంత జాగ్రత్తతోను ఒక్కొకప్పుడు చినుగుట, జారుట కలుగవచ్చును. అపుడు సిగ్గుతో ఊరకుండరాదు. గర్భమును గూర్చి భయమున్నచో లెవోనార్జెస్ట్రెల్ అను అత్యవసర మాత్రను 72 గంటలలోగా వేసికొనవచ్చును. ఎంత త్వరగా వేసికొనిన అంత మేలు. హెచ్.ఐ.వి. భయమున్నచో అదే 72 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి పోయి అడుగవలెను. వైద్యులు తగునని తలచినచో 28 దినములు వాడవలసిన మందు నిత్తురు. పుండ్లు, పులిపిరుల వంటివి తొడుగు కప్పని చోటనుండి కూడ సోకవచ్చును గనుక, అట్టివి కనబడినచో సంపర్కము మాని వైద్యునికి చూపవలెను.

నిరోధ్ పొందుటకు దూరము పోనవసరము లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇత్తురు. ఆశా కార్యకర్తలు ఇంటికే తెచ్చియిచ్చు పద్ధతి 2011లో ప్రారంభమైనది. హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ కేంద్రములలో ఉచితము. ఫలితమును రహస్యముగా ఉంచవలెనని 2017 నాటి చట్టము నిర్దేశించుచున్నది. సందేహములున్నవారు 1097 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

చివరిగా ఒక్క మాట. నిరోధ్ వాడుదమని భార్య కోరినంతమాత్రమున ఆమె భర్తను శంకించినట్లు కాదు. భర్త కోరినను అంతే. ఈ ఒక్క మాట నోట రానందున ఇష్టములేని కానుపును, తెలియని రోగమును మోయువారు మన ఇండ్లలో ఎక్కువగా స్త్రీలే. పొట్లముపై తేదీ చూచుట ఒక నిమిషపు పని. మాట అడుగుట కొంచెము కష్టమైన పని. ఈ రెండును చేసినవారికి నిరోధ్ తన పని తాను చేసిపెట్టును.