చెరువు గట్టు పక్కన రిగ్గు

మొగల్తూరు చుట్టుపక్కల బోరు వేయించినవాళ్లకు తెలిసిన సంగతే: చాలాచోట్ల పైపైన తాగే నీరు, కాస్త దిగితే ఉప్పునీరు. మజ్జిగ మీద తేటలా పలచటి తీపినీటి పొర. దానికి రెండు మూడు కిలోమీటర్ల కింద గ్యాసు. పక్కనున్న నరసాపురంలో ఓఎన్‌జీసీకి అది 1970ల చివర్లోనే దొరికింది.

ఇన్నేళ్లూ తీసింది చాలావరకు ఇసుకరాళ్ల సందుల్లోంచి తనంతట తాను తన్నుకొచ్చే గ్యాసు. ఈ నేల కిందే ఉన్న రాఘవాపురం షేల్ లాంటి పొరల కథ వేరు. కోట్ల ఏళ్లు అణిగి రాయిగా మారిన బురద అది. లోపల గ్యాసు ఉన్నా బయటికి దారి లేదు. అందుకే బావిని ఆ పొరలో అడ్డంగా తిప్పి, ఇసుక, కొద్దిగా రసాయనాలు కలిపిన నీటిని విపరీతమైన ఒత్తిడితో కొడతారు. రాయి వెంట్రుకవాసి పగులుతుంది. పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు గుంజల్లా నిలబడతాయి. ఫ్రాకింగ్ అంటే ఇదే.

ఎంత గ్యాసు వస్తుంది? అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో ఒక్క కృష్ణా గోదావరి బేసిన్‌లోనే 57 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయవచ్చంది. అంతకు ముందు ఏడాది అదే దేశపు భూగర్భ సర్వే సంస్థ దీనితో సహా మూడు భారతీయ బేసిన్లకు కలిపి వేసిన అంచనా ఆరు లక్షల కోట్లు. ఈ తేడా చూశాక ఏ అంకెనూ గుడ్డిగా నమ్మబుద్ధి కాదు. సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాసు వస్తుందన్న ధీమాతో కట్టిన వేమగిరి, సామర్లకోట విద్యుత్ కేంద్రాలు అక్కడ గ్యాసు ఉత్పత్తి పడిపోయాక ఖాళీగా కూర్చున్నాయి కదా.

అలాగని గ్యాసు అక్కర్లేదనలేం. దేశం వాడే గ్యాసులో సుమారు సగం దిగుమతే. యూరియాకు అదే ముడిసరుకు. బొగ్గుతో పోలిస్తే మండేటప్పుడు సగం కార్బన్ డయాక్సైడే వస్తుంది. దారిలో మీథేన్ కారిపోతే మాత్రం ఆ లాభం కరిగిపోతుంది.

అంత లోతు పగుళ్లు పైకి పాకి మన బోరును అందుకుంటాయన్న భయానికి ఆధారం తక్కువ. అసలు బలహీనత పై వంద రెండు వందల అడుగుల్లో ఉంది. ఇనుప గొట్టం చుట్టూ పోసిన సిమెంటు పట్టు తప్పితే తీపినీటి పొరకు దారి దొరుకుతుంది. బావికి కోటి లీటర్లకు పైగానే నీరు పడుతుంది. ఐదడుగుల నీరు పెట్టిన రెండెకరాల చేపల చెరువు అనుకోండి. డెల్టాకు అది మరీ పెద్ద లెక్క కాదు, కాలువలు కట్టేసే నెలల్లో తప్ప. తిరిగొచ్చే నీటితోనే చిక్కు. అందులో ఉప్పు, లోహాలు, రసాయనాలు ఉంటాయి. ఓక్లహోమాలో ఇలాంటి వ్యర్థజలాన్ని లోతు బావుల్లోకి పంపితే భూకంపాలు పెరిగాయి.

అమెరికాలో చాలాచోట్ల ఖనిజ హక్కు పొలం యజమానిదే, గ్యాసు పడితే రాయల్టీ అతనికొస్తుంది. ఇక్కడ భూమి కింది గ్యాసు ప్రభుత్వానిది, రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. రైతుకు దక్కేది రిగ్గు నిలబడిన నేలకు పరిహారం. పక్క చెరువువాడికి అదీ ఉండదు, ప్రమాదం మాత్రం అతనికీ తప్పదు. 1995 జనవరిలో పాసర్లపూడి బావి ఎగదన్ని 65 రోజులు మండింది. అది ఫ్రాకింగ్ కాదు. కానీ బావి అదుపు తప్పితే ఊరికి ఏమవుతుందో కోనసీమకు అప్పుడే తెలిసింది.

ఇక్కడ అనుమతి అడిగేవాళ్లను నేనైతే మొదట లోతు గురించి అడగను. సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున్న ఈ నేల మీద తిరిగొచ్చే ఆ మురికినీటిని నిలవ ఉంచే గుంట ఎక్కడ తవ్వుతారు? కార్తీకంలో తుపాను వస్తే దాని గట్టు ఎంత ఎత్తున ఉంటుంది?