మీకు తెలుసా? మన లోపలి పటాలు వేరువేరు!

బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కొంచెం లోపలికి వంచండి. మణికట్టు నడుమ సన్నని టెండన్ ఒకటి ఉబికిందా? అది పాల్మారిస్ లాంగస్ అనే కండరానిది. ఉబకకపోతే కంగారు పడకండి. నూటికి సుమారు 15 మందికి ఆ కండరమే ఉండదు, ఈ లెక్క ఒక్కో జాతిలో ఒక్కోలా ఉంటుంది. ఒక చేతికి ఉండి రెండో చేతికి లేనివాళ్లూ ఉన్నారు. లేదని పట్టు తగ్గదు. ఉంటే మాత్రం సర్జన్‌కు అక్కరకొస్తుంది: చేతిలో మరో టెండన్ తెగి పనికిరాకుండా పోతే, దీన్ని తీసి అక్కడ అతుకుతారు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఇదే పరీక్ష చేసి చూస్తారు.

పిత్తాశయంలో రాళ్లకు చేసే కీహోల్ ఆపరేషన్‌లో సర్జన్ కళ్లన్నీ ఒక చిన్న త్రిభుజం మీదే ఉంటాయి. ఫ్రెంచ్ సర్జన్ కాలో 1890లో వర్ణించిన చోటు అది. పిత్తాశయానికి రక్తం తెచ్చే ధమని 'సాధారణంగా' అక్కడే దొరుకుతుంది. ఆ 'సాధారణంగా' దగ్గరే ఉంది చిక్కంతా. కొందరిలో ఆ ధమనులు రెండుంటాయి. కొందరిలో ఒకటే ఉన్నా త్రిభుజం బయటినుంచి వస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది వేరే ఉంది. కాలేయానికి వెళ్లాల్సిన కుడి ధమని కొందరిలో మెలిక తిరిగి పిత్తాశయాన్ని రాసుకుంటూ పోతుంది. చూడబోతే పిత్తాశయ ధమనే అనిపిస్తుంది. పొరపాటున దానికి క్లిప్ వేస్తే కాలేయం కుడి భాగానికి రక్తం తగ్గిపోతుంది. అందుకే అమెరికన్ సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ఒక కట్టుబాటు చెప్పాడు: అడ్డున్న కొవ్వు, పొరలు శుభ్రంగా తొలగించాలి, పిత్తాశయం అడుగుభాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి, పిత్తాశయంలోకి రెండంటే రెండే గొట్టాలు పోతున్నాయని కళ్లారా చూశాకే కత్తెర పట్టాలి. చదవడానికి తేలికే. వాచి అతుక్కుపోయిన పిత్తాశయం దగ్గర అదే పెద్ద పరీక్ష.

మన స్వరపేటికను ఆడించే నరం తిన్నగా గొంతుకు రాదు. ముందు ఛాతీ వైపు దిగి, కుడివైపునైతే చేతికి వెళ్లే పెద్ద ధమని కిందుగా చుట్టుతిరిగి పైకెక్కుతుంది. నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో ఆ ధమనే దారి తప్పి అన్నవాహిక వెనకనుంచి వస్తుంది. చుట్టుకోవడానికి ఏమీ లేక నరం మెడలోనే అడ్డంగా గొంతుకు చేరుతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో కిందినుంచి వస్తుందని వెతుకుతూ, అడ్డంగా ఉన్నదాన్ని ఏదో రక్తనాళమనుకుని కోస్తే గొంతు బొంగురుపోతుంది. దారి తప్పిన ఆ ధమని వల్ల మింగలేక అవస్థ పడిన ఒక స్త్రీ గురించి ఇంగ్లండ్ వైద్యుడు బేఫర్డ్ పద్దెనిమిదో శతాబ్దంలోనే రాశాడు.

కిడ్నీకి ఒక్కటే ధమని అని చదువుకున్నాం కదా. నలుగురిలో ఒకరికి అదనంగా మరొకటైనా ఉంటుంది. కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన దాతకు ముందే సీటీ యాంజియోగ్రామ్ తీసేది ఇందుకు కూడా.

ఇక అన్నీ తారుమారైనవాళ్లు: సుమారు 10,000 మందిలో ఒకరికి గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు ఉంటాయి. వీళ్లకు అపెండిసైటిస్ వస్తే నొప్పి ఎడమవైపు రావచ్చు. ఇంకా అరుదైన రకంలో గుండె మాత్రం ఎడమవైపే ఉండి, కడుపులోవన్నీ తిరగబడతాయి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో అలాంటి ఒకావిడ 99 ఏళ్లు బతికి, తన దేహాన్ని పోర్ట్‌లాండ్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 2018లో విద్యార్థులు డిసెక్షన్ చేస్తుంటే, గుండెకు కుడిపక్కన ఉండాల్సిన పెద్ద సిర కనపడలేదు. అలా బయటపడింది సంగతి. బతికుండగా ఇంటివాళ్లకు తెలియదు. ఆవిడకు పిత్తాశయం, గర్భసంచి, అపెండిక్స్ మూడూ తీశారు. ఉండాల్సిన చోట లేదని కాగితం మీద రాసింది అపెండిక్స్ తీసిన సర్జన్ ఒక్కరే.