క్రొత్త బాయిలరు, ప్రాత నీరు

మన తెలుగు కుటుంబములు నేడు పెక్కు ఇంగ్లండులో స్థిరపడియున్నవి. ఆ చలిదేశమున కాపురము చేయు గృహిణికి వంటపొయ్యి యెంత ముఖ్యమో, ఇల్లు వెచ్చజేయు బాయిలరును అంత ముఖ్యము. పది పదునైదేండ్లు పనిచేసిన పిమ్మట దానిని మార్చవలసి వచ్చును. అది వేల పౌనుల వ్యయము. అప్పుడు మనము బాయిలరు ఏ కంపెనీది, ధర యెంత, పూచీ యెన్నియేండ్లు అని విచారింతుమే గాని, దానిలోనికి పోవు నీరెట్టిదని విచారింపము. నేనును విచారింపలేదు. ఆ ఫలము ననుభవించితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఇల్లు వెచ్చబడు విధము తెలిసికొందము. బాయిలరు గ్యాసు మంటతో నీటిని కాచును. ఒక చిన్న పంపు ఆ వేడినీటిని రాగి గొట్టముల గుండ గదిగదికిని త్రోసి, గోడల కమర్చిన ఉక్కు రేడియేటర్లలో నింపును. గదికి వేడినిచ్చి చల్లాఱిన నీరు మరల బాయిలరును చేరును. ఇది మనము స్నానమునకు వాడుకొను నీరు కాదు. మూసియున్న త్రోవలో ఆ నీరే యేండ్ల తరబడి తిరుగుచుండును.

ఉక్కును నీరును చిరకాలము కలిసియుండిన తుప్పు పుట్టక మానదు. అయితే గాలి తక్కువగా నుండు ఆ గొట్టములలో ముఖ్యముగా పుట్టునది మనమెఱిగిన ఎఱ్ఱతుప్పు కాదు. మాగ్నటైటు అను నల్లని పొడి. అది కాటుకవలె మెత్తగా నుండును; అయస్కాంతమునకు అంటుకొనును. క్రమముగా మడ్డియై రేడియేటర్ల అడుగున పేరుకొనును. లండను మొదలగు ఆగ్నేయ ప్రాంతములలో నీరు ఉప్పదనము లేకున్నను సున్నము హెచ్చుగా గలది. కావున మన నీళ్ళకాగు అడుగున కట్టునట్టి గారయు దీనికి తోడగును.

ప్రాత బాయిలర్లలో నీటి త్రోవలు వెడల్పుగా నుండుటచే ఈ మడ్డిని కొంతవఱకు సహించెడివి. ఇంగ్లండు, వేల్సులలో 2005 నుండి, కొన్ని మినహాయింపులు తప్ప, పొగతో పోవు వేడిని గూడ రాబట్టు కండెన్సింగు బాయిలర్లనే అమర్చవలెనను నియమము వచ్చినది. వీనిలోని త్రోవలు మిక్కిలి సన్ననివి. మడ్డి చేరిన త్వరలో మూసికొనిపోవును.

మా యింట జరిగినది ఇదియే. ఒక నవంబరులో క్రొత్త బాయిలరు పెట్టించితిమి. పనివాడు ఒక్క దినములో ప్రాతదానిని తీసి క్రొత్తదానిని బిగించి వెడలెను. గొట్టములు కడుగవలదా యని నేనడుగలేదు, అతడును చెప్పలేదు. మఱుసటి జనవరిలో, మంచు కురియుచుండగా, బాయిలరు ఆగిపోయెను. అప్పుడు మా అత్తగారు మనుమని జూచుటకై రాజమహేంద్రవరమునుండి వచ్చియుండిరి. మూడు రాత్రులు చంటిబిడ్డతో అందఱమును ఒక్క గదిలో కరెంటు కుంపటి చుట్టు గడపితిమి. నాల్గవనాడు వేఱొక పనివాడు వచ్చి గొట్టము విప్పగా బొగ్గునీరువంటి నల్లని నీరు బకెట్టు నిండెను. అత్తగారు దానిని చూచి, "అమ్మాయీ, విఱిగిన పాలగిన్నె తోమకుండ అందులోనే క్రొత్తపాలు పోసితిరా?" అనిరి. నాకు సమాధానము దొరకలేదు. బాయిలరు కంపెనీవారు, మురికినీటివలని నష్టము పూచీలోనికి రాదనిరి. మరమ్మతు వ్యయము మాపైననే పడెను.

కావున బాయిలరు మార్చదలచిన సోదరి ముందుగా రేడియేటర్లను చేతితో తాకి చూడవలెను. పైభాగము వేడిగాను అడుగుభాగము చల్లగాను ఉన్న యెడల మడ్డి చేరినదని యెంచవలెను. అడుగు వేడిగా నుండి పైభాగము చల్లగా నున్నచో గాలి చేరినది. రేడియేటరు చల్లాఱిన తరువాత చిన్న చెవితో మర త్రిప్పి గాలి వదలునప్పుడు నల్లనీరు చిమ్మిన సందేహమే యక్కఱలేదు. మరక పోదు గనుక తివాచీపై ముందే ప్రాతగుడ్డ పఱచుకొనుడు.

రెండవది, ధర చెప్పించుకొనునప్పుడే శుభ్రపఱచు పనిని గూడ కాగితముపై వ్రాయించుకొనవలెను. ఆ దేశమున దీనికి బి.ఎస్. 7593 అను ప్రమాణము కలదు. అది 2019లో సవరింపబడినది. దాని ప్రకారము మందు వేసి గొట్టములను కడుగుట, తుప్పును నివారించు ద్రావకము కలుపుట, ఫిల్టరు అమర్చుట అన్నియు జరుగవలెను. ప్రాత బాయిలరు ఇంకను పనిచేయుచుండగనే కడుగుమందును కొన్ని దినములు ముందుగా వేయించిన, వేడికి మడ్డి చక్కగా కరగి వదలును. పిమ్మట ఒక్కొక్క రేడియేటరును తేటనీరు వచ్చువఱకు కడుగవలెను. గాజుగ్లాసులో పట్టి మీరే చూడుడు. రేడియేటర్లు మిక్కిలి ప్రాతవైనను, గొట్టములు 8 లేక 10 మిల్లీమీటర్ల సన్ననివైనను ఆ మాట ముందే చెప్పుడు. బలముగా కడిగినచో చిల్లులు బయటపడవచ్చును.

ఫిల్టరులోని అయస్కాంతము బాయిలరునకు మరలివచ్చు నీటిలోని నల్లపొడిని పట్టుకొనును. ఏటేట సర్వీసు సమయమున దానిని తీసి కడిగించి, ద్రావకము తగినంత యున్నదో లేదో పరీక్షింప జేయవలెను. ఏ రేడియేటరు మార్చుటకైన నీరు తీసివేసిన యెడల ద్రావకము మరల వేయింపవలెను.

ఇంకొక్క మాట. బాయిలరు ముల్లు మాటిమాటికి దిగుచున్నచో ఊరక నీరు నింపుచు పోరాదు. క్రొత్తనీటితో ప్రాణవాయువు లోపలికి పోయి తుప్పును పెంచును. ఎక్కడ కారుచున్నదో వెదకింపవలెను. గ్యాసుపని మాత్రము గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవానిచేతనే చేయింపుడు, చట్టమును అదియే.

అమ్మలారా! గిన్నె తోమి పాలు పోయుట మనకెవ్వరును నేర్పనక్కఱలేదు. కంటికి కనబడని గొట్టముల విషయమునను ఆ తెలివినే చూపినచో, చలికాలపు రాత్రులలో బిడ్డలును పెద్దలును వెచ్చగా నిదురింతురు.