ఏథెన్సులో పౌలు: వాక్యము, జ్ఞానము, సమాజము

 

ఈ దినము ఒక ప్రశ్నతో మొదలుపెడదాము. మన సంఘాలలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. "అయ్యగారూ, మనకు బైబిలు ఉంది గదా! ఇక వేదాంతము ఎందుకు? తత్వజ్ఞానముతో మనకేమి పని?" అడిగేవారు మంచి మనసుతోనే అడుగుతారు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:8 కూడ చూపిస్తారు. మనుష్యుల పారంపర్యాచారమును అనుసరించే తత్వజ్ఞానము మనలను చెరపట్టుకొని పోకుండ జాగ్రత్తపడమని పౌలు అక్కడ హెచ్చరించాడు. నిజమే. అయితే ఆ మాట వ్రాసిన పౌలే ఏథెన్సు పట్టణములో జ్ఞానులతో కూర్చొని మాట్లాడాడు. ఈ రెండు ఎట్లు పొసగుతాయి? అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము 16 నుండి 34 వరకు తెరచి, మీ ముందు పెట్టుకొని ఈ వర్తమానము చదవండి.

పౌలు ఏథెన్సుకు వచ్చాడు. పట్టణమంతా విగ్రహాలతో నిండియుండుట చూచి అతని ఆత్మ పరితపించింది. అయినా అతడు తిట్టలేదు, పారిపోలేదు. సమాజమందిరములో యూదులతోను, ప్రతిదినము సంతవీధిలో కలిసినవారితోను తర్కించాడు. అక్కడ రెండు రకాల జ్ఞానులు అతనికి ఎదురయ్యారు. ఎపికూరీయులు ఒకరు. దేవతలు ఉన్నారుగాని మన సంగతి వారికి పట్టదు, చావుతో అంతా సరి అని వారి బోధ. రెండవవారు స్తోయికులు. క్రీస్తు పూర్వము 300 ప్రాంతములో జెనో అనే గురువు అదే పట్టణములోని ఒక మండపములో ఈ బోధ మొదలుపెట్టాడు. లోకమంతటా ఒక దైవిక జ్ఞానము వ్యాపించి నడిపిస్తున్నదని, వచ్చినదానిని కలత లేకుండా అంగీకరించడమే మంచి బ్రతుకని వారి మాట. వీరిలో కొందరు పౌలును వదరుబోతు అన్నారు. అయినా అరేయొపగు సభకు తీసికొనిపోయారు.

అక్కడ పౌలు ఏమి చేశాడో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, వారికి తెలిసినచోట మొదలుపెట్టాడు. తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠమును చూపించాడు. వారి కవుల మాటను కూడ ఎత్తి చెప్పాడు. ఆ మాట అరాతు అనే కవి వ్రాసిన కావ్యములో ఉన్నది. అరాతు పౌలు పుట్టిన కిలికియ దేశమువాడే. దేవుడు చేతులతో కట్టిన ఆలయములలో నివసింపడు, ఆయనకు ఏ కొదువ లేదు అన్నప్పుడు ఎపికూరీయులు తల ఊపియుండవచ్చు. ఆయన మనలో ఎవనికిని దూరముగా లేడు అన్నప్పుడు స్తోయికులు తల ఊపియుండవచ్చు.

రెండవది, వారి గర్వమును తాకాడు. ఏథెన్సువారు తమ పూర్వికులు ఆ నేలలోనుండే పుట్టారని, ఇతరులకంటె తాము వేరని చెప్పుకొనేవారు. పౌలు ఏమన్నాడు? దేవుడు ఒకనినుండి ప్రతి జాతివారిని కలుగజేశాడని చెప్పాడు. ఆ ఒక్క మాటతో జన్మను బట్టి కలిగే గొప్పతనము కూలిపోయింది. ఆదికాండములోని సత్యము సమాజము నడిబొడ్డున నిలబడి మాట్లాడింది.

మూడవది, పునరుత్థానము దగ్గర అతడు వెనుకకు తగ్గలేదు. మారుమనస్సు, తీర్పు, మృతులలోనుండి లేచిన ప్రభువు అనే మాటలు వినగానే కొందరు అపహాస్యము చేశారు. చప్పట్ల కొరకు పౌలు ఆ మాట దాచలేదు. దియొనూసియు, దమరి, మరికొందరు విశ్వసించారు.

కాబట్టి కొలొస్సయుల హెచ్చరికకు అర్థమేమిటి? ఆలోచించవద్దని కాదు, క్రీస్తు స్థానములో మరొకదానిని కూర్చోబెట్టవద్దని. జ్ఞానము పనిమనిషిగా ఉంటే మేలు చేస్తుంది, యజమానిగా కూర్చుంటే చెరపట్టుకొని పోతుంది.

తరువాతి కాలములో సంఘము ఈ విషయములో ఒకే మాట మీద లేదు. సమరయ ప్రాంతమువాడైన జస్టిన్ క్రైస్తవుడైన తరువాత కూడ తత్వవేత్తల అంగీ తీసివేయలేదు. క్రీస్తే సంపూర్ణ జ్ఞానమని చెప్పి, సుమారు 165లో రోమాలో హతసాక్షి అయ్యాడు. కార్తేజి పట్టణపు తెర్తుల్లియను మాత్రము ఏథెన్సుకు యెరూషలేముతో ఏమి సంబంధమని గట్టిగా అడిగాడు. ఇద్దరూ ప్రభువును ప్రేమించినవారే. ఒకరు తలుపు తెరచి ఉంచారు, ఒకరు కావలి కాశారు. సంఘానికి రెండూ కావలెను.

325లో నీకయ పట్టణములో జరిగిన సభను జ్ఞాపకము చేసికొనండి. ఆ సభకు 2025లో 1700 సంవత్సరములు నిండాయి. కుమారుడు సృష్టింపబడినవాడని, ఆయన లేని కాలము ఒకటి ఉన్నదని అరియు బోధించాడు. సభవారు ఏ లేఖన వచనము చూపినా అరియు పక్షమువారు దానికి తమ అర్థమే చెప్పుకొన్నారు. అప్పుడు సభవారు బైబిలులో లేని ఒక గ్రీకు మాటను తీసికొన్నారు. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని ఆ మాటకు అర్థము. చూచారా! లేఖనమును మార్చడానికి కాదు, లేఖన సత్యమును కాపాడడానికి జ్ఞానుల భాషను వాడుకొన్నారు. వేదాంతము చేయవలసిన పని ఇదే. పొలములోని పంట మనది కాదు, దేవునిది. వేదాంతము దాని చుట్టూ వేసిన కంచె.

ఇప్పుడు సమాజము సంగతి. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దములో అరిస్టాటిల్ అనే గొప్ప జ్ఞాని, కొందరు స్వభావముచేతనే బానిసలని వ్రాశాడు. ఎందరో పండితులు దానిని ఒప్పుకొన్నారు. క్రీస్తు శకము 4వ శతాబ్దములో నుస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరి ప్రసంగి గ్రంథముపై బోధిస్తూ, దాసదాసీలను కొన్నానన్న మాట దగ్గర ఆగిపోయాడు. దేవుడు నరునికి పశుపక్ష్యాదుల మీద అధికారమిచ్చాడుగాని తోటి నరుని మీద ఇవ్వలేదు గదా, దేవుని స్వరూపమునకు వెల కట్టగలవాడెవడు అని నిలదీశాడు. గ్రెగొరి గ్రీకు విద్య చదివినవాడే. అయినా విద్య ఒక మాట, వాక్యము ఒక మాట చెప్పినప్పుడు వాక్యము పక్షాన నిలిచాడు. విచారకరమైన సంగతి ఏమంటే, ఆ తరువాత శతాబ్దాల తరబడి క్రైస్తవులే బానిసలను ఉంచుకొన్నారు. పెదవులతో ఒప్పుకొన్న సత్యము బ్రతుకులోనికి రావడానికి ఎంత ఆలస్యమో చూడండి!

మన తెలుగు నేల మీద కూడ ఈ పరీక్ష వచ్చింది. ఒంగోలులో 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడింది. మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు అగ్రకులాలవారు బోధ వినడానికి వచ్చేవారు. అంతలో మాదిగ విశ్వాసులు రావడము మొదలైంది. వారిని చేర్చుకొంటే మేము దూరమవుతామని పెద్దలు చెప్పారు. ఏమి చేయవలెను? క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో ప్రార్థించి బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే భాగము దొరికింది: 1 కొరింథీయులకు 1:26 మొదలుకొని. లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న మాటలవి. వారు తలుపు మూయలేదు. తరువాత గొప్ప కరువు వచ్చినప్పుడు, కూటికోసము వచ్చారన్న మాట రాకూడదని సహాయము చేసిన రోజులలో బాప్తిస్మములు ఆపి ఉంచారు. కరువు తగ్గిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ప్రియ చదువరీ, ఇప్పుడు నిన్ను నీవు ప్రశ్నించుకో. దేవుడు ఒకనినుండి అందరిని చేశాడని ఆదివారము ఆమేన్ అంటావు. సోమవారము నీ బిడ్డ పెండ్లి మాటలలో మొదట అడిగేది ఏమిటి? విశ్వాసమా, కులమా? ఒకే ఊరిలో ఒకే ప్రభువు పేర రెండు ప్రార్థనా మందిరాలు, రెండు సమాధి స్థలాలు ఉంటే, చెరపట్టుకొని పోయిన తత్వజ్ఞానము ఏది? గ్రీకుదేశమునుండి వచ్చినదా? మన ఇంటిలోనే పెరిగిన పారంపర్యాచారము గాదా? కొలొస్సయులకు 2:8ను కాలేజీకి పోయే పిల్లవానికి మాత్రమే చదివి వినిపిస్తాము. అది సంఘపెద్దలకు కూడ వ్రాయబడిన మాట.

అదే విధముగా, కాలేజీలో క్రొత్త ప్రశ్నలతో ఇంటికి వచ్చిన బిడ్డను గద్దించి నోరు మూయించవద్దు. పౌలు సంతవీధిలో ప్రశ్నలు విన్నాడు. బిడ్డ ప్రక్కన కూర్చొండి, వాక్యము తెరవండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, కలిసి వెదకండి.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము చదవండి. మీరు ఇంతవరకు ఏ ఇంటి గుమ్మము త్రొక్కలేదో, ఆ విశ్వాసి ఇంటికి వెళ్ళి కలిసి భోజనము చేయండి. నేర్చుకొన్న వేదాంతము అక్కడ తేలుతుంది.

వాక్యమును ప్రేమించే హృదయమును, వివేచించే మనస్సును, సహోదరుని చేర్చుకొనే చేతులను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.