కాపలావాడి ఇంట్లోనే దొంగ

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బొర్రా గుహల దగ్గర కోతులు చేతిలోని జామకాయ లాక్కుపోవడం మీరు చూసే ఉంటారు. ఎంత హుషారుగా గెంతినా, పెద్ద కోతుల్లో చాలావాటి ఒంట్లో హెర్పిస్ జాతి వైరస్‌లు ఉంటాయి. జలుబు వైరస్ వచ్చిపోతుంది. ఇవి వచ్చాక ఇక పోవు. ఎలా దాక్కుంటాయి? సెలవులకు వెళ్తే "ఏటి చదువుతున్నావు?" అని అడిగే మా ఇంట్లోవాళ్లకు చెప్పినట్టే మీకూ చెబుతాం. మా ఇళ్లలో డిగ్రీ దాటింది మేమే మరి.

రక్తంలో బి కణాలనే తెల్లకణాలు ఉంటాయి. రోగాలను ఎదిరించే యాంటీబాడీలను తయారుచేసేవి ఇవే. లింఫోక్రిప్టో అనే వైరస్ సరిగ్గా ఈ కాపలావాళ్లలోనే చేరుతుంది. తన డీఎన్ఏను గాజులా గుండ్రంగా చుట్టి కణకేంద్రకంలో పడుకుంటుంది. కణం రెండుగా చీలినా గాజు జారిపోకుండా ఒక ప్రొటీన్ దాన్ని క్రోమోజోముకు అంటిపెట్టి ఉంచుతుంది. అలా పిల్లకణాలకూ వాటా అందుతుంది. మిగతా ప్రొటీన్లను దాదాపు తయారుచేయదు. గస్తీ తిరిగే టి కణాలు, కణం పైన కనబడే ప్రొటీన్ ముక్కలను బట్టే శత్రువును గుర్తుపడతాయి. ముక్కలే లేకపోతే దేన్ని పట్టుకుంటాయి? అప్పుడప్పుడు వైరస్ నిద్రలేచి లాలాజలంలోకి వస్తుంది. పిల్లకోతులకు అంటుకునేది అలాగే.

ఇది కోతుల గొడవే అనుకోకండి. దీని మనిషి చుట్టం ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను 1964లో కనుగొన్నారు. పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా దాన్ని మోస్తున్నారు. టి కణాలు గట్టిగా ఉన్నంతకాలం సాధారణంగా బాధ లేదు. ఎస్ఐవి సోకి అవి తగ్గిన కోతుల్లో, ఎయిడ్స్ ముదిరిన మనుషుల్లో, ఈ వైరస్‌ల వల్ల లింఫోమా క్యాన్సర్లు వచ్చాయి.

ఇదే కుటుంబంలో కొన్ని నరాల్లో దాక్కుంటాయి. ఆటలమ్మ తగ్గాక ఏళ్లకు లేచే అక్కి అలాంటిదే. అక్కి సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పైన రాసిన ఎర్రమన్నుకు వచ్చిందని మా అభిప్రాయం.

రీసస్ కోతుల నరాల్లో ఉండేది బి వైరస్. బి కణాలకూ ఆ పేరుకూ సంబంధం లేదు. 1932లో అమెరికాలో కోతి కరిచి చనిపోయిన డాక్టర్ బ్రెబ్నర్ పేరులోని మొదటి అక్షరం అది. మనిషికి సోకడం చాలా అరుదు, సోకితే మెదడువాపు రావచ్చు. మనకు ఇంతకంటే దగ్గరి భయం రేబిస్. కోతి కరిచినా, రక్కినా పసరు పెట్టి కూర్చోకండి. సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లండి. ఒక్క సూదితో అయిపోదు. కొండ దిగితే ఒకరోజు కూలి పోతుందని మధ్యలో మానేసేవాళ్లున్నారు. తేదీలు రాసిచ్చిన చీటీ మీ దగ్గరే పెట్టుకోండి.