పెన్‌డ్రైవు పలుకనప్పుడు

2025 అక్టోబరులో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. పాత కంప్యూటరును పారవేయుటకు మనసొప్పక, దానిలో ఖర్చు లేని లినక్సును వేయించుకొన్నవారు మన కుటుంబాలలోను ఉన్నారు. మంచి పనియే. అయితే అటువంటి యిండ్లనుండి ఒక ఫిర్యాదు మాత్రము మా చెవిని పడుచున్నది: "పెన్‌డ్రైవు పెట్టితే ఏమీ కనబడుట లేదు."

అందులో సినిమా పాటలుంటే చింత లేదు. కాని మన యిండ్లలో అవ్వలు పాడిన పెండ్లిపాటలు, తాతలు చెప్పిన వలస కథలు వానిలోనే దాచుకొన్నాము. తరతరాలుగా పొరుగు భాషల నడుమ నిలుపుకొన్న తెలుగు అది. ఆ గొంతులలో కొన్ని మరల వినబడవు. కనుక పక్కింటి కంప్యూటరులో పెట్టినప్పుడు అది "ఫార్మాటు చేయమందురా?" అని అడిగితే, ఔనని నొక్కవద్దు.

మొదట హబ్బును తీసివేసి, పెన్‌డ్రైవును కంప్యూటరుకే నేరుగా తగిలించి చూడండి. యు.ఎస్.బి. 2.0 రంధ్రము నియమము ప్రకారము ఇచ్చు విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. సొంత కరెంటు లేని హబ్బు ఆ కొద్దిపాటినే అన్ని పరికరములకు పంచవలెను. పళ్ళెము తిరిగే హార్డుడిస్కుకు అది చాలకపోవచ్చును. హార్డుడిస్కు విషయములో వైరును కూడ అనుమానించవలసినదే. కొన్ని వైర్లు ఫోను చార్జి చేయుటకే పుట్టినవి. సమాచారము మోసే తీగలు వానిలో ఉండనే ఉండవు.

అప్పటికీ కనబడకున్న, యంత్రమునే అడుగవలెను. లినక్సులో మాకు మిక్కిలి నచ్చిన గుణమిదే. ఆఫీసులో ఇన్‌వర్డు రిజిస్టరు వలె, వచ్చినదానినెల్ల అది వ్రాసిపెట్టుకొనును. టెర్మినలు తెరచి, ఇంగ్లీషు చిన్న అక్షరములలో 'సుడో' అని, ఖాళీ విడిచి డి, ఎం, ఇ, ఎస్, జి అని, మరల ఖాళీ విడిచి అడ్డుగీత, డబ్ల్యు కొట్టండి. పాస్‌వర్డు ఇచ్చిన పిమ్మట పెన్‌డ్రైవును తగిలించండి. కొత్త పంక్తులు రావలెను. ఒక్కటీ రాకున్న రంధ్రమునో, వైరునో, పరికరమునో అనుమానింపవలెను. ఎర్రరు మైనస్ 71 అంటే మాట తడబడినది. మైనస్ 110 అంటే గడువులోగా జవాబు రాలేదు. ఇవి చూచి పరికరము చచ్చినదని తీర్మానింపరాదు. వేరొక రంధ్రము, వేరొక వైరు ఇంకను చూడవలసియున్నవి.

పిదప ఎల్, ఎస్, బి, ఎల్, కె అని కొట్టితే డిస్కుల పట్టిక వచ్చును. మన పెన్‌డ్రైవు సరియైన కొలతతో అందులో ఉన్నదా, సగము ప్రాణము లేచి వచ్చినట్లే. చెడినది లోపలి ఫైళ్ళ అమరిక కావచ్చును. కొలత సున్న అని చూపితే మాత్రము లోపలి చిప్పునే అనుమానింపవలెను.

రిజిస్టరులో "ఐ.ఓ. ఎర్రరు" అని పదేపదే వచ్చుచున్నప్పుడు తొందరపడి ఎఫ్‌.ఎస్‌.సి.కె. అను మరమ్మతును నడుపకండి. అది మూలములోనే వ్రాయును. ముందు డిడిరెస్క్యూ అను సాధనముతో మొత్తమునకు ప్రతి తీయవలెను. అది చక్కగా చదువబడు భాగములను మొదట తీసుకొని, మొండికెత్తిన చోట్లకు తరువాత తిరిగి వచ్చును. మరమ్మతు ఆ ప్రతిపైననే.

"సరిగా అన్‌మౌంటు కాలేదు" అను పంక్తి కనబడితే ఎవరో ఊడబెరికినారని గ్రహించవచ్చును, పిల్లలేనని మేమనము. కాపీ అయినట్లు తెరపై గీత నిండినను, లినక్సు కొంత సమాచారమును జ్ఞాపకములోనే ఉంచుకొని మెల్లగా వ్రాయుచుండును. 'ఎజెక్టు' నొక్కి, తీయవచ్చునని అది చెప్పిన పిమ్మటనే పెన్‌డ్రైవుపై చేయి వేయవలెను.